మూత్రపిండముల వివేకము

వైరాగ్యమును బోధించిన మన పూర్వులలో పెక్కుమంది దేహమును మలమూత్రభాండమని నిందించిరి. దేహముపై మమకారమును సడలింపవలెనన్న వారి యుద్దేశమును నేను కాదనను. కాని ఆ నిందను మాత్రము అంగీకరింపజాలను. ఏలయన, ఏది నిలుపుకొనదగినది, ఏది విడువదగినది యని నిరంతరము విచారింపుమని వారు శిష్యులకు ఏ వివేకము నుపదేశించిరో, ఆ వివేకమునే వారు రోసిన మూత్రమును పుట్టించు అవయవము అహోరాత్రము ఆచరించుచున్నది.

మూత్రపిండ మొక్కొక్కదానియందు సుమారు 10 లక్షల సూక్ష్మనాళికలు గలవు. అవి రక్తమునందలి కల్మషమును వెదకి యేరివేయునని మనమూహింతుము. జరుగునది వేరు. రక్తకణములను, మాంసకృత్తులను మాత్రము నిలిపి, నీటిని, ఉప్పును, చక్కెరను, మాలిన్యమును భేదము లేక ముందుగా వడకట్టి విడిచివేయును. దినమునకు సుమారు 180 లీటర్లు. దేహమందలి రక్తరసము 3 లీటర్లే గనుక, అది యంతయు ఒక్క దినమున 60 పర్యాయములు త్యజింపబడుచున్నదన్నమాట. పిమ్మట నాళికలు కావలసినదానిని తిరిగి గ్రహించును. నూటికి 99 పాళ్ల నీరు రక్తమును చేరగా, శేషించిన లీటరు, లీటరున్నర మూత్రమగును. ఈ పద్ధతియందలి గాంభీర్యము నాలోచింపుడు. విషముల నన్నిటిని గుర్తింప నక్కరలేదు; తనకు హితమైన దేదియో యెరిగిన చాలును; తక్కినది, మున్నెన్నడును ఎదురుపడని ద్రవ్యమైనను, చాలవరకు తనంత తానే వెడలిపోవును. త్యాగపూర్వకమైన భోగమును విధించిన ఈశావాస్యమునకు ఇంతకంటె సన్నిహితమైన దేహవ్యాపారమును నేనెరుగను.

నెల్లూరు సీమ తీరమున, ఇసకపల్లి ఉప్పుమడులలో నడియెండను ఉప్పు నెత్తు కూలివాని దేహమున ఈ వ్యాపారము మరింత స్ఫుటమగును. చెమటతో నీరును ఉప్పును పోవ, రక్తము చిక్కబడుట నూటికి ఒకటి రెండు పాళ్లకు మించకమునుపే మెదడు దానిని గ్రహించి, దప్పికను పుట్టించి, నీటిని నిలుపుమని ఒక రసముద్వారా మూత్రపిండములకు వార్త నంపును. వానిపై టోపీవలె నమరిన అధివృక్కగ్రంథులు ఉప్పును పోనీయకుమని వేరొక రసమును స్రవించును. ఎదుటనున్న సముద్రజలము వాని దప్పిక తీర్పదు. అందు లీటరునకు సుమారు 35 గ్రాముల లవణము గలదు; మన రక్తరసమున కుచితమైనది 9 గ్రాముల ఉప్పునీరు. ఆ యధికలవణమును వెడలించుటకు త్రాగినదానికంటె నెక్కుడు నీరు దేహము కోల్పోవలసియుండును.

ఈ నిర్ణయములకు కర్త యెవరు? నిద్రించువానియందును ఇవి సాగుచున్నవి గనుక, "నేను" అను అభిమానమునకు ఇందు కర్తృత్వము లేదు. అచేతనమైన ప్రకృతియే పురుషునికొరకు ప్రవర్తించునని సాంఖ్యులందురు. చేతనాధిష్ఠానము లేనిదే అట్టి ప్రవృత్తి కుదరదని శంకరులు బ్రహ్మసూత్రభాష్యమున వారిని ఖండించిరి. నా బుద్ధికి శంకరుల పక్షమే రుచించును. అయినను, సంకల్పము దేహమునకు ఎదురునిలిచిన చోటగాని ఈ ప్రశ్న నన్ను నిజముగా పట్టుకొనలేదు.

1930లో ఉప్పు సత్యాగ్రహమున పాల్గొని చెరసాలకేగిన పొట్టి శ్రీరాములు గారు, నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి ఆలయమున హరిజనుల ప్రవేశముకొరకు నిరాహారులైరి. 1952 అక్టోబరు 19న మదరాసున ఆంధ్రరాష్ట్రముకొరకు తుది వ్రతమును పూనిరి. దీర్ఘోపవాసమున మానవదేహ మెట్లు వర్తించునో శాస్త్రము చెప్పుచున్నది. తొలిదినములలో ఉప్పును నీరును విరివిగా వెడలిపోవును. అనంతరము మూత్రపిండములు బిగించి, మూత్రమున సోడియమును దాదాపు శూన్యము చేయును. కొంత చక్కెరను తామే తయారుచేయ మొదలిడును. పొటాసియమును మాత్రము సంపూర్ణముగా ఆపలేవు. అది దినదినము కొంచెము కొంచెముగా జారిపోవుచునే యుండును.

ఆయన సంకల్పమొకవైపు, దేహరక్షణ మొకవైపు పోరాడినవని చెప్పుట సులభము. నేనట్లు తలపను. నిరశనవ్రతము ఎదుటివాని హృదయమునకు చేయు విన్నపము. విన్నపమునకు వ్యవధి కావలయును. దేహము తన నిలువలను పొదుపుగా వాడి డిసెంబరు 15 వరకు, అనగా 58 దినములు, ఆ వ్యవధిని ఏలికల కొసగినది. ఆయన గతించిన నాలుగవనాడు, డిసెంబరు 19న, నెహ్రూ ఆంధ్రరాష్ట్ర నిర్ణయమును ప్రకటించిరి.