కుప్ప అడుగున తడి

మదీనా బజారులో ఒకరోజు దైవప్రవక్త (సఅసం) ధాన్యపు కుప్పలో చేయి పెట్టి చూశారు. పైన పొడిగా ఉన్నా లోపల తడి తగిలింది. వానకు తడిసిందన్నాడు వర్తకుడు. జనానికి కనబడేలా ఆ గింజలను పైన ఎందుకు ఉంచలేదని ప్రశ్నించి, మోసగించేవాడికి తమతో సంబంధం లేదని ఆయన హెచ్చరించారు.

గమనించండి! వాన కురవడం వర్తకుని తప్పు కాదు. తడిని దాచడమే తప్పు.

నేటి కంపెనీలో ఆ కుప్ప స్థానంలో లెక్కల పుస్తకం ఉంది. హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ లెక్కల్లో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనేలేవని 2009 జనవరి 7న దాని ఛైర్మనే ఒప్పుకున్నారు. మొదట్లో స్వల్పంగా ఉన్న తేడా ఏటేటా పెరిగిపోయిందని కూడా చెప్పారు.

'పైవారు పెట్టమన్నారు, సంతకం పెట్టాం' అని మనం తప్పించుకోలేము. తమకు రావలసింది నిండుగా కొలిచి తీసుకొని, ఇతరులకు తగ్గించి ఇచ్చేవారికి వినాశమేనని దివ్య ఖుర్ఆన్ 83వ సూరా హెచ్చరిస్తోంది. పూర్తి జీతం తీసుకొని పనివేళను దొంగిలించే ఉద్యోగి, పూర్తిగా పని చేయించుకొని వేతనం కోసే యజమాని, ఇద్దరూ ఈ కోవలోకే వస్తారు.

కనుక సోదరులారా! నష్టం వస్తే నష్టమనే రాద్దాం. సరుకులో లోపముంటే ముందే చెబుదాం. ఆడిటరు కంటపడనిది అల్లాహ్ దృష్టిని దాటిపోదు. ప్రళయదినాన మన లెక్క మనమే అప్పజెప్పాలి.