జెలసీ వేరు, ఎన్వీ వేరు, అసూయ ఇంకా వేరు

 

పోయిన వీడియోలో అరిషడ్వర్గాల్లో చివరిదైన మాత్సర్యం గురించి చెప్పుకున్నాం కదా. "మాత్సర్యం అంటే జెలసీ అండి" అని ఒక్క ముక్కలో తేల్చేశాను. తర్వాత ఆలోచిస్తే అది సరిపోదనిపించింది.

ఇంగ్లీషులో దీనికి రెండు మాటలున్నాయి. మన దగ్గరున్నది ఇంకొకరి పాలవుతుందేమో అన్న భయం జెలసీ. ఇంకొకరి దగ్గరున్నది మనకి లేదే అన్న మంట ఎన్వీ. ఈ రోజుల్లో రెండింటికీ జెలసీ అనే వాడేస్తున్నాం. ఫ్రెండ్ కొత్త కారు ఫొటో పెడితే "సో జెలస్" అంటాం. ఆ పాత తేడా ప్రకారం అది ఎన్వీ.

మన కథల్లో పెట్టి చూస్తే ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. కృష్ణుడు పారిజాత పువ్వు రుక్మిణీదేవికిచ్చాడని తెలిసి సత్యభామ అలిగింది. ఆవిడ బాధ పువ్వు గురించా? స్వామి మనసులో తన చోటు పోతుందేమోనని. అది జెలసీ. దాని అడుగున ప్రేమ ఉంది. అందుకే స్వామి ఏకంగా చెట్టే తెచ్చిచ్చాడు.

దుర్యోధనుడిది అలా కాదు. రాజసూయంలో ధర్మరాజు వైభవం చూసొచ్చి కుమిలిపోయాడు. "నీకేం తక్కువ నాయనా?" అని ధృతరాష్ట్రుడే అడిగాడు. తక్కువేం లేదు, అవతలివాడికి ఉండటమే బాధ. అది ఎన్వీ. జూదం దాకా నడిపించింది అదే.

ఇక అసూయ. అమరకోశం దీనికిచ్చిన అర్థం చదివి ఉలిక్కిపడ్డాను: మంచి గుణాలకి కూడా దోషం అంటగట్టడం. ఎందుకు ఉలిక్కిపడ్డానో చెప్తాను.

నాతోపాటు ఒకే రోజు ఉద్యోగంలో చేరిన ఫ్రెండ్‌కి ప్రమోషన్ వచ్చింది, నాకు రాలేదు. "కంగ్రాట్స్ రా" అన్నాను నవ్వుతూ. ఆ వారమే వాడి కోడ్ నాకు రివ్యూకి వచ్చింది. ఈ పేరు బాలేదు, ఆ లైన్ పొడుగైంది అంటూ పద్నాలుగు కామెంట్లు పెట్టాను. నిజానికి కోడ్ శుభ్రంగా ఉంది. వాడు ఒక్క మాట అనకుండా అన్నీ సరిచేసి, "నువ్వు చూశావంటే నాకు ధైర్యం రా" అని మెసేజ్ పెట్టాడు.

ఆ రాత్రి పారాయణలో గీత తొమ్మిదో అధ్యాయం మొదలుపెట్టాను. మొదటి శ్లోకంలోనే "అనసూయవే" దగ్గర గొంతు ఆగిపోయింది. పరమ రహస్యం చెప్పబోతూ స్వామి అర్జునుడిలో చూసిన అర్హత విలువిద్యా కాదు, తెలివితేటలూ కాదు. అసూయ లేకపోవడం! నేను ఇన్నేళ్లు శ్లోకాలు బట్టీపట్టాను కానీ, ఆ మొదటి మెట్టు దగ్గరే నిలబడి ఉన్నాను.

మర్నాడు టీ దగ్గర వాడికి నిజం చెప్పేశాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "రెండు కామెంట్లు మాత్రం కరెక్టే రా" అన్నాడు.

నాకు అసూయ పోయిందని చెప్పను. వచ్చినప్పుడు గుర్తుపడుతున్నాను, అంతే. దీనికి పతంజలి మహర్షి చెప్పిన మందు ఉంది: సుఖంగా ఉన్నవాడితో మైత్రి, పుణ్యం చేసేవాడిని చూసి ముదిత, అంటే సంతోషించడం. ఈ వారం మనందరం ఒక చిన్న సాధన చేద్దాం. ఎవరి మంచిలోనైనా తప్పు వెతకబుద్ధి అయితే, ముందు అందులో ఉన్న మంచి ఒకటి వాళ్లకే నోరారా చెబుదాం.

శ్రీకృష్ణార్పణమస్తు.