పడవ కనబడక ముందు

మదనపల్లె చరిత్రలో జేకబ్ ఛాంబర్లేన్‌ది మరిచిపోలేని పేరు. అమెరికా రిఫార్మ్‌డ్ చర్చి వారి ఆర్కాటు మిషను తరఫున వచ్చి, పలమనేరులోనూ మదనపల్లెలోనూ వైద్యుడిగా, బోధకుడిగా పనిచేసి, 1908లో మదనపల్లెలోనే కన్నుమూసిన మనిషి. 1863లో ఆయన ఇక్కడి సహాయకులు కొందరిని వెంటబెట్టుకుని, సువార్త పుస్తకాలు బండ్లకెత్తి గోదావరి తీరందాకా వెళ్ళారు. ఆ ప్రయాణంలో ఒక సాయంత్రం వరద దారిని ముంచేసింది. పొద్దు వాలుతోంది, చుట్టూ పులులు తిరిగే అడవి, బరువులు పడేసి పారిపోదామన్నంత భయంలో మోత కూలీలు. గుర్రం మీదున్న ఆయన ప్రార్థించారు. ఎడమకు తిరిగి గోదావరి గట్టుకు వెళ్ళమని లోపల ఒక మాట వినిపించిందనీ, వెళ్తే కట్టు తెగి కొట్టుకొచ్చిన పెద్ద పడవ దొరికిందనీ, 1896లో అచ్చయిన తన పుస్తకంలో రాసుకున్నారు. ఇలాంటి సంగతి చెప్పినప్పుడు విన్నవాళ్ళ చూపంతా పడవ మీదే ఉంటుంది. ప్రార్థించారు, పడవ వచ్చింది, కాబట్టి భయపడనక్కర్లేదు అని లెక్క తేలిపోతుంది. ఈ లెక్క తప్పని నేను అనుకుంటున్నాను. ధైర్యం గురించి ఏమైనా నేర్చుకోవాలంటే పడవ కనబడక ముందు ఆ గుర్రం మీద కూర్చున్న మనిషి దగ్గర నేర్చుకోవాలి.

ఎందుకంటే సాక్ష్యం చెప్పడానికి మిగిలేది బతికి వచ్చినవాళ్ళే. అంతే నమ్మకంతో ప్రార్థించి వరదలో పోయినవాళ్ళు, జ్వరంతో పోయినవాళ్ళు ఆదివారం ఆరాధనలో లేచి నిలబడి చెప్పలేరు. ఆర్కాటు మిషను సమాధి తోటల్లో వాళ్ళూ ఉన్నారు, వాళ్ళ పసిబిడ్డలూ ఉన్నారు. దేవుణ్ణి నమ్మడమంటే ఆపద రాదన్న హామీ తీసుకోవడమే అయితే, ఆ సమాధుల ముందు ఆ నమ్మకం ఒక్క క్షణం నిలవదు. ఇది విశ్వాసానికి బయటివాళ్ళు వేసే ప్రశ్న మాత్రమే కాదు. బిడ్డను పోగొట్టుకున్న ప్రతి విశ్వాసి మనసులోనూ ఉండే ప్రశ్న. జనవరి ఒకటిన వాగ్దాన వచనం కార్డు చేతికందినంత మాత్రాన దానికి జవాబు దొరకదు.

బైబిలు కూడా ఆ హామీ ఇవ్వలేదు. భయపడవద్దన్న మాట అందులో 365 సార్లు ఉందని, రోజుకొకటి చొప్పున దేవుడు మనకిచ్చాడని ప్రసంగాల్లో తరచుగా వింటాం. లెక్కపెట్టి చూస్తే అన్ని దొరకవు. దొరికినవి చాలు. పైగా ఆ మాట ఎవరితో అన్నారో చూస్తే, చాలాసార్లు నిలువునా వణుకుతున్నవాళ్ళతోనే. భయమే లేనివాడికి ఆ మాటతో పనేముంది? అగ్నిగుండం ముందు నిలబడ్డ షద్రకు, మేషాకు, అబేద్నెగో దేవుడు తమను తప్పించగలడని చెప్పి ఊరుకోలేదు. తప్పించకపోయినా తమ నిర్ణయం మారదని కూడా రాజుకు చెప్పారు. వాళ్ళ ధైర్యమంతా ఆ రెండో సగంలో ఉంది. గెత్సేమనే తోటలో యేసుకు చెమట రక్తపు బిందువుల్లా కారిందని లూకా రాశాడు. రాబోయే శ్రమల గిన్నె తన నుంచి తొలగిపోవాలని ఆయన అడిగాడు. అది తొలగలేదు. క్రైస్తవ విశ్వాసానికి నడిబొడ్డున ఉన్న మనిషే భయపడ్డాడంటే, భయపడటం అవిశ్వాసమని ఎవరు అనగలరు? ఆయన భయాన్ని తండ్రి ముందు పెట్టాడు, తర్వాత లేచి, తనను పట్టుకోవడానికి వస్తున్నవాళ్ళకు ఎదురు నడిచాడు.

నమ్మకం మనిషిలో చేసే పని ఇక్కడే కనబడుతుందని నా వాదన. భయపడ్డ మనిషి కళ్ళు తన మీదే ఉంటాయి. నాకేమవుతుంది, నా పిల్లలకేమవుతుంది అన్న లెక్కతోనే పొద్దంతా గడిచిపోతుంది. ఆ లెక్కను దేవుడికి ఒప్పజెప్పినవాడికి ఆపద తగ్గదు గానీ చేతులు ఖాళీ అవుతాయి. ఆ ఖాళీ అయిన చేతులు ఏం చేస్తాయో చూడాలంటే మదనపల్లె పక్కనే ఆరోగ్యవరం ఉంది. ప్రొటెస్టెంటు మిషన్లు కొన్ని కలిసి 1912లో మొదలుపెట్టిన క్షయ ఆసుపత్రి అది. ఈ ప్రాంతంలో దాన్ని శానిటోరియం అనే అంటారు. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్-మొల్లర్ దాని మొదటి సూపరింటెండెంటు. అప్పటికి క్షయకు మందు లేదు. క్రిమిని 1882లోనే కనుగొన్నారు, కానీ స్ట్రెప్టోమైసిన్ రావడానికి 1940ల దాకా పట్టింది. ఆసుపత్రి మొదలైన దగ్గర్నుంచి ముప్ఫై ఏళ్ళకు పైగా ముఖ్యంగా ఉన్నవి కొండగాలి, మంచి తిండి, విశ్రాంతి, పక్కన నిలబడే మనిషి. శానిటోరియం అంటే తెరిచిన వరండాలో వరసగా మంచాలు, ప్రతి మంచం దగ్గరా మూతున్న తెమడ గిన్నె. నర్సు పొద్దున్నే ఆ మూత తీయాలి, లోపలున్నది చూడాలి, శుభ్రం చేయాలి, మళ్ళీ పెట్టాలి. ఆ గిన్నెలో ఏముందో తెలుసు, అది అంటుకుంటే మందు లేదని తెలుసు. అడవిలో సింహంలా నిలబడటం ఒక పూట ధైర్యం. ఆ మూత రోజూ తీయడం ఏళ్ళ తరబడి ధైర్యం. నాకు రెండోదే పెద్దదిగా కనబడుతుంది. ఆ నర్సులకు ఆ ముప్ఫై ఏళ్ళూ పడవ కనబడలేదు.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. భయాన్ని పోగొట్టేది జ్ఞానం, దేవుడు కాదు అని. 1950ల చివర్లో మద్రాసులో జరిగిన అధ్యయనాన్ని ఇందుకు సాక్ష్యంగా చూపొచ్చు. క్షయ రోగులు ఇంట్లోనే ఉండి మందులు వాడినా శానిటోరియంలో ఉన్నవాళ్ళతో సమానంగా బాగయ్యారు, ఇంట్లో ఉంచుకున్నందువల్ల కుటుంబానికి ముప్పు పెరగలేదు అని ఆ అధ్యయనం తేల్చింది. లోకమంతటా క్షయ వైద్యం దాని వల్ల మారింది. నిజమే, ప్రార్థనా కూటాలు వంద పెట్టినా తొలగని భయాన్ని ఒక్క పరిశోధన తగ్గించగలదు. కాదనను. అయితే ఆ జ్ఞానం ఎక్కడి నుంచి వచ్చింది? రోగుల దగ్గరికి పోయి, పక్కన కూర్చుని, నెలల తరబడి తెమడ పరీక్షలు చేసినవాళ్ళ నుంచే కదా. వాళ్ళలో నమ్మేవాళ్ళు ఉన్నారు, నమ్మనివాళ్ళూ ఉన్నారు. జ్ఞానం రాకముందు ఎవరో ఒకరు అక్కడ నిలబడాలి. ఆ ఖాళీలో తమను నిలబెట్టింది దేవుని మీద నమ్మకమని ఆరోగ్యవరం కట్టినవాళ్ళు అనుకున్నారు. ఇక జ్ఞానం వచ్చాకైనా భయం పోయిందా? మందులు ఉచితంగా దొరుకుతున్నా ఈ రోజుకీ టీబీ అనగానే ఇంట్లో కంచం, గ్లాసు వేరుపెడతారు. పెళ్ళి సంబంధం చెడుతుందని జబ్బు పేరే దాస్తారు.

నమ్మకం మొండితనమవుతుందన్నది ఇంకో అభ్యంతరం. స్వస్థత కూటంలో చేయి తల మీద పెట్టించుకుని మాత్రలు మానేసేవాళ్ళను చూపించి అడుగుతారు. అడగాల్సిందే. దీనికి జవాబు మత్తయి సువార్తలోనే ఉంది. దేవాలయ శిఖరం మీద నుంచి దూకు, దూతలు పట్టుకుంటారు అని కీర్తనల్లోని మాట చూపించి యేసును పురికొల్పింది సాతాను. ఆయన దూకలేదు. దూకమనే నమ్మకాన్ని ఆయనే తోసిపుచ్చాడు. ఆరోగ్యవరంలో ప్రార్థన ఉండేది, తెమడ గిన్నెకు మూతా ఉండేది. 1950లలో బీసీజీ టీకా పరీక్షలు ఆ చుట్టుపక్కల ఊళ్ళలోనే జరిగాయి. మూత పెట్టడం అవిశ్వాసమని అక్కడ ఎవరూ అనుకోలేదు.

దేవుడి పేరెత్తకుండానే ఇంత ధైర్యం చూపినవాళ్ళు లేరా? ఉన్నారు. కోవిడ్ వార్డుల్లో చూశాం. వాళ్ళకు చేతులెత్తి దండం పెడతాను. ఏడుకొండల మెట్లెక్కి మొక్కుకుని వచ్చి రోగికి సేవ చేసినవాళ్ళకూ అంతే. ధైర్యమంతా క్రైస్తవుల సొత్తని నేననడం లేదు. క్రైస్తవుడినని చెప్పుకునేవాడు తన నమ్మకాన్ని దేనితో కొలుచుకోవాలన్నదే నా ప్రశ్న. వచ్చిన పడవలతో కొలవొద్దు, తీసిన మూతలతో కొలవాలి.

అందుకే తిరుపతి, చిత్తూరు, మదనపల్లె సంఘాల్లో ఉన్నవాళ్ళను ఒకటి అడుగుతున్నాను. మీ వీధిలో ఎవరైనా టీబీ మాత్రలు వాడుతుంటే, ఆ మాత్రలు సరిగా వేసుకుంటే కొన్ని వారాల్లోనే అంటించే గుణం బాగా తగ్గుతుందని గుర్తుపెట్టుకోండి. వాళ్ళ కోసం గుడిలో ప్రార్థన చేశాక ఆ ఇంటికి వెళ్ళండి. మంచం పక్కన కూర్చుని, వాళ్ళింట్లోనే ఒక గ్లాసు మజ్జిగ తాగి రండి.