పోపు వేస్తూ విన్న కీర్తన

నవవిధ భక్తుల్లో మొదటిది శ్రవణం. దానికి మన పెద్దలు పరీక్షిత్తును చూపిస్తారు. అన్నపానాలు విడిచి, గంగ ఒడ్డున కూర్చుని, ఏడు రోజులు శుకమహర్షి చెప్పింది విన్నాడు. మా మామయ్యగారి పద్ధతీ అదే. పొద్దున్నే స్నానం చేసి, విభూతి పెట్టుకుని, రేడియో ముందు పీట వేసుకుని కూర్చుంటేనే భక్తిరంజని విన్నట్టు. వంటింట్లోంచి వినే నాతో, "పోపు వేస్తూ వినేది శ్రవణం కాదమ్మా, చప్పుడు" అనేవారు.

మా తెనాలికి ఆకాశవాణి విజయవాడ కేంద్రం ఖంగుమని వినబడేది. 1948లో మొదలైన ఆ కేంద్రంలో పనిచేసినవాళ్లు సామాన్యులా! బాలాంత్రపు రజనీకాంతరావు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ, ఓలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం. వయొలిన్ అన్నవరపు రామస్వామి, మృదంగం దండమూడి రామమోహనరావు. వీళ్లెవరినీ నేను కచేరీలో ఎదురుగా చూడలేదు. ఓలేటివారు రాగాన్ని ఎంత నింపాదిగా విప్పుతారో, గోపాలరత్నంగారి గొంతులో ఎంత నిండుతనం ఉందో నాకు తెలిసిందంతా బియ్యం కడుగుతూ, పాలు పొంగకుండా చూసుకుంటూనే.

మామయ్యగారి మాటకు నాకు జవాబు భాగవతంలోనే దొరికింది. శ్రవణం మొదలుకొని తొమ్మిది భక్తులనూ తండ్రికి చెప్పింది ప్రహ్లాదుడు. ఆయన ఎలా విన్నాడు? నారదుడు తన ఆశ్రమంలో తల్లికి చెబుతుంటే కడుపులో ఉండి విన్నాడు. స్నానం లేదు, ఆసనం లేదు, విందామన్న సంకల్పమైనా లేదు. కాలం గడిచాక తల్లి మరిచిపోయింది, ఆయన మరవలేదు. పరీక్షిత్తుది గొప్ప శ్రవణమే. కానీ ప్రహ్లాదుడిది అడక్కుండా అందిన శ్రవణం. రేడియోది ఆ దారి అని నా నమ్మకం. ఇప్పుడు ఫోనులో నాకు కావలసింది నేను ఏరుకుని వింటున్నాను. అంటే నా ఇష్టాన్నే మళ్లీ మళ్లీ వింటున్నాను. రేడియో నా ఇష్టం అడిగేది కాదు.

ఒకరోజు తెల్లవారుజామున మంగళవాద్యం వస్తోంది. ఆ నాదస్వరానికి చేతిలో పని ఆగిపోయింది. అయిపోయాక పేరు చెప్పారు: షేక్ చినమౌలానా. ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడి, రంగనాథుడికి నాదస్వర సేవ చేసిన ముస్లిం విద్వాంసుడు. 1998లో సంగీత కళానిధి అయ్యారు. పేరు ముందే చెప్పి ఉంటే మా వీధిలో కొందరైనా దేవుడి పటం ముందు రేడియో కట్టేసేవారు. పేరు వినేసరికే నాదం లోపలికి వెళ్లిపోయింది. శ్రవణం మొదటి మెట్టు ఎందుకయిందో ఆ పూట నాకు అర్థమైంది. మనలోని వద్దులు లేచి నిలబడేలోగా చెవి పని పూర్తి చేసేస్తుంది.

అయితే రేడియో నన్ను అడక్కపోయినా, ఎవరో ఒకరు ఏరి పంపినదే నాకు చేరింది. ఈ సంగతి చాలా ఆలస్యంగా చదివాను, చదివి బాధపడ్డాను. స్వాతంత్ర్యం వస్తున్న రోజుల్లో, సర్దార్ పటేల్ సమాచార ప్రసార శాఖ చూస్తున్నప్పుడు, సొంత జీవితం సవ్యంగా లేదన్న పేరుతో, తరతరాలుగా పాటే బతుకైన ఆడవాళ్లెందరికో ఆకాశవాణి తలుపు మూశారు. ఉత్తరాది గాయనులకు ఆ దెబ్బ గట్టిగా తగిలింది. ఆకాశవాణి మైలపడకూడదన్నారు. మామయ్యగారు నన్ను అడిగిన శుద్ధే అది, ఇంకా పెద్ద గుమ్మం దగ్గర.

వంటింట్లో నేను విన్నది శ్రవణం కాదంటే ఒప్పుకోను. అది నిండు శ్రవణం అని మాత్రం ఇక అనలేను. ఏటా పుష్య బహుళ పంచమినాడు తిరువయ్యారు నుంచి పంచరత్న కీర్తనలు రేడియోలో ప్రత్యక్షంగా వచ్చేవి. ఇల్లంతా కదలకుండా వినేవాళ్లం, మామయ్యగారితో సహా. అక్కడ త్యాగరాజస్వామి సమాధి మీద మందిరం తన సొమ్ము పెట్టి కట్టించింది బెంగుళూరు నాగరత్నమ్మ. ఆమె దేవదాసి.