గురికీ చూపుకీ మధ్య

జపాన్ కెమెరా కంపెనీ నికాన్ 2019 చివర్లో రైఫిల్ స్కోపుల వ్యాపారం నుంచి తప్పుకుంది. తుపాకి గొట్టం మీద అమర్చే చిన్న దుర్భిణి అది. దూరాన ఉన్న ప్రాణిని దగ్గరకు తెచ్చి, దాని మీద రెండు సన్నని అడ్డగీతలు గీసి చూపిస్తుంది. అమెరికాలోని వేటగాళ్ళకీ, షూటింగ్ అభిమానులకీ మొనార్క్, ప్రోస్టాఫ్, బక్‌మాస్టర్స్ అనే పేర్లతో నికాన్ ఏళ్ళ తరబడి వీటిని అమ్మింది. ఎఆర్-15 తరహా రైఫిళ్ళకోసం పి-223 అని ప్రత్యేకంగా ఒక వరసే ఉండేది. ఆ తర్వాత ఆపేసింది. బైనాక్యులర్లు, దూరాన్ని కొలిచే లేజర్ పరికరాలు మాత్రం కొనసాగించింది. హింస గురించి ఒక్క మాట మాట్లాడలేదు. సెల్‌ఫోన్ల దెబ్బకి కెమెరాల అమ్మకాలు పడిపోతున్న రోజులవి. లెక్కలు చూసుకుని ఒక కొమ్మ నరుక్కుందని అనుకోవడానికే ఎక్కువ ఆస్కారం ఉంది.

ఇందులో స్త్రీలు ఆలోచించాల్సింది ఏముంది? నాకు రెండు ప్రశ్నలు కనిపిస్తున్నాయి. కారణం చెప్పకుండా చేసిన మంచిపనికి నైతికమైన విలువ ఉంటుందా? ఒకే గాజులోంచి పుట్టిన రెండు చూపుల్లో, గురిపెట్టే చూపుకీ చూసే చూపుకీ తేడా ఎక్కడ మొదలవుతుంది?

ముందు ఈ గాజు కథ చెప్పుకోవాలి. నికాన్ 1917లో టోక్యోలో నిప్పన్ కొగాకు అనే పేరుతో పుట్టింది. జపాన్ సైన్యానికి కావలసిన కటకాలను దేశంలోనే తయారు చేసుకోవాలన్నది దాని పుట్టుక వెనకున్న అవసరం. జలాంతర్గాముల పెరిస్కోపులు, నౌకాదళపు బైనాక్యులర్లు, ఫిరంగులకి దూరం లెక్కగట్టే పరికరాలు చేసింది. యమాటో యుద్ధనౌక మీద ఉండిన 15 మీటర్ల దూరమాపకం ఈ కంపెనీ చేసిందే. 1945లో ఓడిపోయాక సైన్యమనే కొనుగోలుదారు లేకుండాపోయాడు. అప్పుడు అదే నైపుణ్యం, అవే చేతులు కెమెరాల వైపు మళ్ళాయి. మొదటి నికాన్ కెమెరా 1948లో వచ్చింది. అంటే తుపాకి చూపు ఈ కంపెనీకి తర్వాత అంటిన మైల కాదు. పుట్టినింటి నుంచి తెచ్చుకున్నదే.

కెమెరాకీ తుపాకికీ ఉన్న చుట్టరికం ఒక్క కంపెనీది కూడా కాదు. ఎగిరే పక్షుల కదలికను పట్టుకోవడానికి 1882లో ఎతియెన్ జూల్ మారే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త చేసిన పరికరం అచ్చం తుపాకిలాగే ఉండేది. భుజానికి ఆనించి మీట నొక్కితే సెకనుకి పన్నెండు బొమ్మలు. ఇంగ్లీషులో స్నాప్‌షాట్ అన్నమాట మొదట వేటగాళ్ళది. తెలుగులో మనం ఫొటో 'తీస్తాం', తుపాకి 'కాలుస్తాం'; రెండు క్రియలూ వేరు. కానీ 'షూటింగ్' అనే మాటని మాత్రం సినిమాకోసం తెచ్చుకుని, దాని లోపల ఉన్న తూటాని మర్చిపోయాం. కెమెరా అనేది తుపాకికి మర్యాద నేర్పిన రూపమని సూజన్ సాంటాగ్ 1977లోనే వాదించింది. 2004లో అబూ గ్రాయిబ్ జైలు ఫొటోలు బయటకొచ్చినప్పుడు ఆ వాదన ఎంత నిజమో తెలిసింది. అక్కడ కెమెరా సాక్షి మాత్రమే కాదు, చిత్రహింసలో భాగం. ఆ బొమ్మల్లో నవ్వుతూ నిలబడ్డవాళ్ళలో ఆడ సైనికులూ ఉన్నారు. చూపు వెనక ఆడది ఉంటే చాలు, చూపు మారిపోతుందనుకునే వాళ్ళం అక్కడ ఆగి ఆలోచించాలి.

గురి గొప్పతనం మనకి చిన్నప్పుడే బడిలో నేర్పుతారు. ద్రోణుడి పరీక్ష తెలియని పిల్లలుండరు. చెట్టు కనిపిస్తోందా, నీ అన్నదమ్ములు కనిపిస్తున్నారా, నేను కనిపిస్తున్నానా అని అడుగుతాడు గురువు. లేదు, పక్షి కన్నొక్కటే కనిపిస్తోంది అంటాడు అర్జునుడు. ఏకాగ్రతకి ఆదర్శంగా ఈ కథ చెప్పని ఉపాధ్యాయుడు లేడు. నాకు మాత్రం అది చూడకపోవడంలో ఇచ్చిన శిక్షణగా కనిపిస్తుంది. చెట్టునీ, తోడబుట్టినవాళ్ళనీ, చివరికి పక్షి ఒంటినీ చూపులోంచి తుడిచెయ్యగలిగినవాడే నెగ్గుతాడు. అదే గురి తర్వాత స్వయంవరంలో మత్స్యయంత్రాన్ని కొడుతుంది. ఈసారి బహుమానం ఒక స్త్రీ. రైఫిల్ స్కోపు చేసేదీ ఆ పనే. మనిషిని దగ్గరకు తెస్తుంది, కానీ మనిషి చుట్టూ ఉన్న బతుకుని కోసేస్తుంది.

మన సాహిత్యంలోనే దీనికి ఎదురు నిలబడే చూపు కూడా ఉంది. క్రౌంచ పక్షుల జంటని బోయవాడూ చూశాడు, వాల్మీకీ చూశాడు. ఇద్దరి ముందూ ఉన్నది ఒకే దృశ్యం. ఒకరికి అది లక్ష్యం. ఇంకొకరికి, మగపక్షి నేలకూలాక ఆడపక్షి ఏడుపు వినబడింది. కావ్యం ఆ ఏడుపు విన్న చోట పుట్టిందని మన సంప్రదాయమే చెబుతోంది. గురి ఒక్కణ్ణే చూస్తుంది. చూపు, మిగిలిపోయిన ఆమెని కూడా చూస్తుంది.

మౌఖిక కథలు సేకరిస్తూ ఊళ్ళు తిరుగుతున్న రోజుల్లో ఒక పెద్దావిడ, నేను సంచిలోంచి కెమెరా తీయబోతుంటే, "అది ఎత్తితే నీ కళ్ళు నాకు కనపడవు కదమ్మా, కాసేపు కూచో" అంది. తేడా అంతా అక్కడే ఉందనిపిస్తుంది. చూడబడే మనిషికి మన కళ్ళు కనిపిస్తున్నాయా? ఫొటో అయితే రేపు ఆమె చేతికి వస్తుంది. ఇది నేను కాదని తగువు పెట్టుకోవచ్చు, చింపెయ్యవచ్చు, కోర్టులో చూపించవచ్చు. స్కోపులో పడ్డ మనిషికి ఆ అవకాశం లేదు. అది చూసినదాన్ని ఎవరికీ చూపించదు.

ఇక కారణం సంగతి. నిజాయితీగా తూచే కొట్టువాణ్ణి కాంట్ 1785లో ఉదాహరణగా తీసుకున్నాడు. బేరాలు పోతాయన్న భయంతో సరిగ్గా తూచేవాడు ధర్మానికి అనుగుణంగా నడుచుకుంటాడే గానీ ధర్మం కోసం నడుచుకోడు అంటాడాయన. ఆ లెక్కన నికాన్‌కి మార్కులు పడవు. కానీ ఈ తూకం వేస్తున్నది ఎవరి వైపు నుంచి? గొట్టానికి అవతలి కొసన ఉన్న మనిషికి కంపెనీ మనసులో ఏముందన్నది అక్కరలేదు. 2012లో అమెరికాలోని శాండీ హుక్ బడిలో ఎఆర్-15 తరహా రైఫిల్‌తో ఇరవైమంది పిల్లల్నీ ఆరుగురు సిబ్బందినీ చంపాడు ఒక యువకుడు. ఆ ఆరుగురూ స్త్రీలే. బడికి వెళ్ళేముందు ఇంట్లో తల్లిని చంపాడు. అక్కడ స్కోపుల ప్రసక్తి లేదు. కానీ ఆ రైఫిల్ చుట్టూ అల్లుకున్న విడిభాగాల సంతలో నికాన్‌కీ ఒక దుకాణం ఉండేది. ఒక దుకాణం మూతపడితే, ఏ కారణానికైనా సరే, నేను తప్పుపట్టను.

అయినా కారణం ముఖ్యమేనని అనిపించే చోటు ఒకటుంది. లాభం లేదని వెళ్ళినవాడు లాభం ఉంటే తిరిగొస్తాడు. పైగా ఏమీ చెప్పకుండా వెళ్ళిన అడుగు వెనక వచ్చేవాళ్ళకి దారి కాదు. 2018లో పార్క్‌లాండ్ బడిలో కాల్పుల తర్వాత డిక్స్ స్పోర్టింగ్ గూడ్స్ అనే దుకాణాల సంస్థ ఆ రకం రైఫిళ్ళ అమ్మకం ఆపింది. ఎందుకో బాహాటంగా చెప్పింది. మిగిలిన సరుకుని, సుమారు 50 లక్షల డాలర్ల విలువైనదాన్ని, ఇంకెవరికీ చేరకుండా ధ్వంసం చేసింది. కొనేవాళ్ళని పోగొట్టుకుంది, తిట్లు తింది. ఆ మాట ఇప్పుడు వాదనగా ఇంకొకరికి పనికొస్తుంది. నికాన్ మౌనం ఎవరికీ పనికిరాదు.

ఇది ఎక్కడో అమెరికా గొడవ అనుకుంటే, మచిలీపట్నం వైపు చూడాలి. ప్రయోగశాలల పరికరాలు చేసిన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్‌లో కలిసింది. ఇవాళ అక్కడ చీకట్లో చూసే సైనిక పరికరాలు, ఆయుధాల మీద అమర్చే దృశ్యసాధనాలు తయారవుతాయి. నికాన్ నడిచిన దారికి ఇది ఎదురు దారి. ప్రయోగశాల నుంచి సరిహద్దుకి. ఆ జీతాలతో గడిచే ఇళ్ళని, అక్కడ చదువుకున్న ఆడపిల్లల్ని నేను తేలిగ్గా చూడలేను. మడి కట్టుకుని దూరంగా నిలబడే నీతి నాకు వద్దు. మడి ఎప్పుడూ ఎవరో ఒకరిని ముట్టరానివాళ్ళని చేసే నిలబడింది. కానీ ఆ గాజు ఎవరిని చూస్తోంది, ఎవరి కళ్ళు దాస్తోంది అని అడగడం మడి కాదు. అది బాధ్యత.

స్త్రీలకి తప్పుకోవడం కొత్త కాదు. ఇళ్ళ నుంచి, ఉద్యోగాల నుంచి, వేదికల నుంచి మాట్లాడకుండా తప్పుకున్న ఆడవాళ్ళ జాబితా పెద్దది. మాట్లాడితే ఇంకా పోగొట్టుకోవాల్సి వస్తుందని వాళ్ళు మౌనంగా వెళ్ళారు. ఆ మౌనం అర్థమవుతుంది. బలమున్నవాళ్ళ మౌనాన్ని దానితో కలిపి తూచకూడదు. దశాబ్దాల పాటు ప్రపంచానికి సాక్ష్యం చెప్పే పరికరాలు అమ్మిన కంపెనీ, తన విషయంలో మాత్రం సాక్ష్యం చెప్పకుండా లేచి వెళ్ళిపోయింది. వెళ్ళడం మంచిదే. ఎందుకు వెళ్ళిందో చెప్పే బాధ్యత ఇంకా దానిమీదే ఉంది.