గోడ మీద పేరు



దసరా సెలవుల్లో నానక్‌రామ్‌గూడ నుంచి నాలుగు కుటుంబాల వారు గోల్కొండ చూడటానికి బయలుదేరుతూ నన్నూ రమ్మన్నారు. పులిహోర డబ్బాలు, మంచినీళ్ల సీసాలు, ఒకటే పిల్లల గోల. ముఖద్వారం గుమ్మటం కింద చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్‌లో వినిపిస్తుందంటే పిల్లలు నమ్మలేదు. తేల్చుకోవడానికి ఇద్దరు పైకి పరుగెత్తారు. అంతవరకు అంతా సరదాయే.

తరువాత రామదాసు బందిఖానాకు వెళ్లాం. పాల్వంచ తహసీల్దారు కంచర్ల గోపన్న సర్కారు సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించాడని తానీషా ఆయనను పన్నెండేళ్లు ఇక్కడ బంధించాడని చెప్పుకుంటారు. లోపలి గోడ మీద చెక్కిన దేవుడి బొమ్మలు ఆయన చేతివేనని ప్రతీతి. మేము అవి చూస్తుండగా ఒక కుర్రవాడు బయట గోడ మీద తాళంచెవితో తన పేరు గీకడం మొదలుపెట్టాడు. వారించాను. వాడు తడుముకోకుండా అడిగాడు: "ఫాదర్, రామదాసు గీస్తే దండం పెడుతున్నారు, నేను గీస్తే తప్పా?"

సెమినరీలో తత్త్వశాస్త్రం చదువుకున్నవాణ్ణి. అయినా వెంటనే జవాబు రాలేదు. చట్టం చెప్పవచ్చు: 1958 నాటి పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. వాడు అడిగింది శిక్ష సంగతి కాదే!

ఆలోచించండి, అన్యాయం ఎవరికి జరిగింది? రాయికి నొప్పి లేదు. కుతుబ్‌షాహీల రాజ్యం 1687లోనే ఔరంగజేబు చేతిలో పోయింది. ఫిర్యాదు చేసేవారెవరు? మాతో వచ్చిన ఒక పెద్దాయన, "ఎవరిదో కోట, మనకెందుకు ఫాదర్" అన్నారు. కుర్రవాడి గీతకన్నా ఆ మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఈ రాయి కొట్టి, సున్నం నూరి, గుట్టపైకి మోసినవారు కూలీలు. వారి పేర్లు ఏ గోడ మీదా లేవు. తల్లిదండ్రులకూ స్వదేశానికీ మనం పడిన ఋణాన్ని పునీత తోమా అక్వీనాసు గారు న్యాయమనే సుగుణం కిందనే చేర్చారు. అప్పు ఇచ్చినవాడు చనిపోతే అప్పు రద్దవుతుందా? వారసులకు చెల్లించాలి. ఈ అప్పుకు ఇంకా పుట్టని పిల్లలూ వారసులే.

రామదాసు సంగతి వేరని వాడికి చెప్పాను: చీకటి గదిలో ఆయనకు వేరే దిక్కు లేదు, గీసుకున్నది కూడా తన పేరు కాదు. నిజం చెప్పాలంటే ఆ జవాబు నాకే తృప్తినివ్వలేదు. భక్తి ఉంటే గీకవచ్చా? రేపు మరొకడు భక్తితోనే సుత్తి పట్టుకు వస్తే? ఆ రోజుల్లో అది ఉత్త జైలు గోడ, ఇప్పుడు మన చేతికి వచ్చిన దాపుడు సొమ్ము. అక్కడివరకే నా తర్కం నడిచింది.

సాయంత్రం తిరిగి వస్తుంటే నానక్‌రామ్‌గూడ మేడలు కనిపించాయి. పక్కనే సగం తవ్వేసిన గుట్ట. 250 కోట్ల సంవత్సరాల నాటి రాయి అది. ఆ కుర్రవాడు కిటికీలోంచి చూస్తూ, "మరి దీన్ని పగలగొట్టినవాళ్లకు జైలు లేదా ఫాదర్?" అన్నాడు. వాళ్ల ఫ్లాటు ఉన్నది అలాంటి గుట్ట తీసేసిన చోటే. వాళ్ల నాన్న కారు నడుపుతున్నారు. ఇల్లు చేరేవరకు ఎవరమూ మాట్లాడలేదు.