రచయిత మారినా కథ అదేనా?

ఒక సాహస నవలా పరంపర దశాబ్దాల పాటు సాగి, మధ్యలో రచయితలు మారిపోతే, నేటి పుస్తకం మొదటి పుస్తకానికి నిజమైన కొనసాగింపేనా? పాఠకుల్లో దీనిపై ఎప్పుడూ రెండు పక్షాలుంటాయి. నాయకుడు, ఓడ, సాహసం అన్నీ ఉన్నాయి గనుక కథ అదేనని ఒక పక్షం అంటుంది. పేరు మాత్రమే మిగిలింది, ప్రాణం పోయిందని రెండో పక్షం అంటుంది. ఇది కేవలం అభిరుచుల తగాదా అనుకుంటే పొరపాటు. మారుతూ ఉండే వస్తువు ‘అదే వస్తువు’గా నిలిచేది దేనివల్ల అన్న ప్రశ్న దీని అడుగున ఉంది. భారతీయ దర్శనాలు శతాబ్దాల పాటు ఆ ప్రశ్న మీద వాదించుకున్నాయి.

అమెరికన్ రచయిత క్లైవ్ కస్లర్ ‘ఓరెగాన్ ఫైల్స్’ నవలలు ఈ చర్చకు సరిగ్గా సరిపోతాయి. పైకి తుప్పుపట్టిన సరకుల ఓడలా కనిపిస్తూ లోపల అత్యాధునిక యంత్రాలు, ఆయుధాలు దాచుకున్న ఓడ పేరు ఓరెగాన్. దాని నాయకుడు హువాన్ కాబ్రియో. ఈ ఓడ మొదట 1997 నాటి ‘ఫ్లడ్ టైడ్’ నవలలో కనిపించింది. 2003లో దానికంటూ ప్రత్యేక పరంపర మొదలైంది. మొదట క్రెయిగ్ డిర్గో, తర్వాత జాక్ డుబ్రుల్, ఆ తర్వాత బాయ్డ్ మారిసన్ కస్లర్‌తో కలిసి రాశారు. 2020 ఫిబ్రవరిలో కస్లర్ మరణించాడు. పరంపర ఆగలేదు. 2022 నుంచి మైక్ మేడెన్ రాస్తున్నాడు. విశేషమేమంటే కథలో ఓడ కూడా మారింది. 2019 నాటి నవలలో పాత ఓరెగాన్ నాశనమవుతుంది, తర్వాతి నవలలో అదే పేరుతో కొత్త ఓడ వస్తుంది. కర్త మారాడు, ఓడ మారింది. అయినా పాఠకుడు ‘ఓరెగాన్ కథ’ అనే అడిగి పుచ్చుకుంటాడు.

ఓడనే ముందు పెట్టుకుని గ్రీకులూ ఈ ప్రశ్న అడిగారు. థీసియస్ అనే వీరుడి ఓడను ఏథెన్సు వారు చాలాకాలం కాపాడారనీ, కుళ్లిన పలకను తీసి కొత్త పలక వేస్తూ వచ్చారనీ, అది పాత ఓడేనా కాదా అని తత్వవేత్తలు రెండుగా చీలారనీ ప్లూటార్క్ రాశాడు. 17వ శతాబ్దంలో థామస్ హాబ్స్ చిక్కును మరింత బిగించాడు. తీసేసిన పాత పలకలన్నీ ఏరి ఎవరైనా మరో ఓడ కడితే, రెంటిలో ఏది అసలు ఓడ?

మన దేశంలో ఈ ప్రశ్న ఇనుము రూపంలోనూ కనిపిస్తుంది. ఛత్తీస్‌గఢ్‌లోని దుర్గ్ జిల్లాలో ఉన్న భిలాయ్ ఉక్కు కర్మాగారం సోవియట్ సాయంతో నిర్మితమైంది. అక్కడి తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఫర్నేస్ లోపలి ఇటుక వేడికి అరిగిపోతుంది. క్యాపిటల్ రిపేర్ సమయంలో దాన్ని తొలగించి కొత్త ఇటుక పేరుస్తారు. ఫర్నేస్ నంబరు మాత్రం మారదు. పని కోసం ఆంధ్ర ప్రాంతాల నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో తండ్రి పనిచేసిన ఫర్నేస్ మీదే కొడుకూ పనిచేశాడని చెప్పుకునేది ఆ నంబరు ఆధారంగానే. భిలాయ్, బొకారో, రూర్కెలా కర్మాగారాలు కొత్త విమాన వాహక నౌక విక్రాంత్ నిర్మాణానికి ఉక్కు అందించాయి. 1961లో నౌకాదళంలో చేరిన మొదటి విక్రాంత్ 1971 యుద్ధంలో పాల్గొని, 1997లో విరమించి, చివరికి తుక్కు అయింది. 2022 సెప్టెంబరు 2న కొత్త నౌక అదే పేరుతో, అదే ఆర్ 11 సంఖ్యతో సేవలో చేరింది. రెంటికీ ఉమ్మడిగా ఒక్క రేకు కూడా లేదు. అయినా వారసత్వం ఒకటేనని దేశం ఒప్పుకుంది.

దర్శనాలు ఈ చిక్కును తలా ఒక దారిలో విప్పాయి. న్యాయ వైశేషికుల మతంలో అవయవాలకు (భాగాలకు) వేరుగా అవయవి (మొత్తం వస్తువు) ఉంటుంది. ఒక అవయవం పోతే పాత అవయవి నశించి కొత్తది పుడుతుంది. ‘అదే’ అనిపించడానికి పోలికే కారణం. దీపజ్వాలను చూసి అదే జ్వాల అనుకోవడం ఇలాంటిదే. ఈ లెక్కన మేడెన్ నవల కొత్త కావ్యం, పాతదానికి సజాతీయం మాత్రమే. బౌద్ధులు మధ్యేమార్గం పట్టారు. మిలింద రాజుకు నాగసేనుడు దీపం ఉదాహరణతోనే జవాబిచ్చాడు. మొదటి జాములో వెలిగిన జ్వాల, చివరి జాములో వెలిగే జ్వాల ఒకటీ కాదు, వేరూ కాదు. ఒకదాన్ని ఆశ్రయించి మరొకటి పుట్టే సంతానమే అక్కడ ఉన్నది. జైనులు ద్రవ్యం నిలుస్తుందనీ, దాని పర్యాయాలు (దశలు) పుట్టి గిట్టుతాయనీ అన్నారు. వారి దృష్టిలో నవలలు పర్యాయాలు, పరంపర ద్రవ్యం.

శంకరుడి వాదం ఇక్కడ ప్రత్యేకంగా పనికొస్తుంది. బౌద్ధుల క్షణికవాదాన్ని ఖండిస్తూ ఆయన స్మృతిని ముందుకు తెచ్చాడు. నిన్న చూసినవాడు, నేడు గుర్తుపట్టేవాడు ఒక్కడే కాకపోతే గుర్తుపట్టడమే సాధ్యం కాదు. పాఠకుడు ‘ఈ పుస్తకం మునుపటిలా లేదు’ అంటున్నాడంటే మునుపటిదాన్ని చదివినవాడూ తానేనని ఒప్పుకుంటున్నాడు. పరంపరకు సాక్షి అతనే. అయితే సాక్షి నిలిచినా అతని మనస్సు మారుతుంది. పదిహేనేళ్ల వయసులో ఒళ్లు గగుర్పొడిచిన సముద్రయుద్ధం నలభై ఏళ్ల వయసులో చప్పగా ఉంటే, లోపం రచయితదే అని తీర్పు చెప్పే ముందు తన మార్పునూ లెక్కలోకి తీసుకోవాలి. నిజాయితీగల అభిప్రాయానికి ఇది మొదటి షరతు.

తెలుగు సాహిత్యం ఈ పరీక్షను ఎప్పుడో ఎదుర్కొని నెగ్గింది. 11వ శతాబ్దంలో రాజరాజనరేంద్రుడి కోరికపై నన్నయ మొదలుపెట్టిన భారతం అరణ్యపర్వం మధ్యలో ఆగింది. 13వ శతాబ్దంలో తిక్కన ఆ శేషాన్ని ముట్టుకోకుండా విరాటపర్వం నుంచి పదిహేను పర్వాలు రాసి హరిహరనాథుడికి అంకితమిచ్చాడు. 14వ శతాబ్దంలో ఎర్రన అరణ్యపర్వ శేషాన్ని పూరించాడు. తనకంటే దాదాపు మూడు వందల ఏళ్ల ముందరి రాజరాజనరేంద్రుడికే దాన్ని అంకితం చేశాడు. నన్నయ ధోరణిలో మొదలుపెట్టి క్రమంగా తిక్కన ధోరణికి చేరువయ్యాడు. చదువరి ముగ్గురి శైలినీ వేరుగా గుర్తుపడతాడు. అయినా మూడు భారతాలున్నాయని ఎవరూ అనరు. పోతన భాగవతంలోనూ గంగన, సింగన, నారయ పూరించిన స్కంధాలున్నాయి. అక్కడ శైలీభేదాన్ని పండితులు ఎత్తి చూపినా గ్రంథం ఒక్కటిగానే నిలిచింది.

ఈ ఉదాహరణల నుంచి ఒక కొలత తేలుతుంది. చేయి మారడం వల్ల కథ తెగిపోదు, ధర్మం తప్పితే తెగిపోతుంది. భీష్ముడు నన్నయ చేతిలో ప్రతిజ్ఞ చేశాడు, తిక్కన చేతిలో అంపశయ్య ఎక్కాడు. ప్రతిజ్ఞకు శయ్య లోబడి ఉన్నది గనుక అతను ఒకే భీష్ముడు. కాబ్రియో డబ్బు తీసుకుని పని చేసే నాయకుడే అయినా, అమాయకుల వైపు నిలబడడం, తన సిబ్బందిని విడిచిపెట్టకపోవడం అతని స్వభావం. ఏ రచయితైనా వాటిని నిష్కారణంగా చెరిపితే, అది స్వయంగా కస్లర్ రాసినా పరంపర అక్కడ తెగినట్టే. అవి నిలిస్తే కొత్త కలం, కొత్త ఓడ దానికి అడ్డు కావు. వాక్యం నడక, పోరాటాల పొడవు, హాస్యం పాలు వంటి తేడాలు శైలికి చెందినవి. వాటిపై ఇష్టాయిష్టాలు చెప్పుకోవచ్చు గానీ పరంపర చచ్చిపోయిందని చెప్పడానికి అవి చాలవు.

వారసుడికీ ఒక విధి ఉంది. పాత కర్త పేరు అట్ట మీద పెద్దక్షరాల్లో ఉన్నప్పుడు, నిజంగా రాసిందెవరో పాఠకుడికి స్పష్టంగా తెలియాలి. మేడెన్ రాసిన నవలల్లో కస్లర్ పేరు శీర్షికలో భాగంగా, మేడెన్ పేరు రచయితగా ఉంటున్నాయి. పేరును వాడుకోవడం ఒక్కటే లక్ష్యమైతే అది వ్యాపారం. పూర్వకర్త పాత్రలకు ఇచ్చిన మాటను తన మాటగా మోయగలిగితే అది వారసత్వం. ఎర్రన చేసి చూపించింది ఇదే. పాఠకుడి వైపు నుంచి శ్రద్ధ, ఆత్మపరీక్ష, రచయిత వైపు నుంచి నిజాయితీ, ధర్మనిష్ఠ ఉన్నంతకాలం పరంపర ‘అదే’ అని పిలిపించుకునే అర్హత కోల్పోదు.